సెకండ్ హ్యాండ్ 4×4 కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవన్నీ చెక్ చేయండి

నానక్‌రామ్‌గూడలో ఏ ఆఫీసు సెల్లార్‌లోకి దిగినా ఇప్పుడు రెండు మూడు థార్‌లు, ఓ జిమ్నీ కనిపిస్తున్నాయి. లంచ్ టేబుల్ దగ్గర లద్దాఖ్, స్పితి ప్లాన్‌లు, మారేడుమిల్లి వీకెండ్ ట్రిప్పుల కబుర్లు మామూలైపోయాయి. కొత్త 4×4 ఆన్‌రోడ్ రేటు చూశాక చాలామంది సెకండ్ హ్యాండ్ వైపు తిరుగుతారు. తప్పేం లేదు, నేనూ అదే చెప్తాను. కానీ పాత ఫోన్ తేడా చేస్తే ఓ ఇరవై వేలు పోతాయి. పాత 4×4 తేడా చేస్తే లక్షలు పోవడమే కాదు, సిగ్నల్ లేని ఘాట్‌లో రాత్రిపూట ఇరుక్కుపోతాం.

నేను మెకానిక్‌ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. అయితే కొన్ని నెలలుగా నా కోసం, ఫ్రెండ్స్ కోసం బండ్లు చూస్తూ చూస్తూ ఒక చెక్‌లిస్ట్ తయారైంది. ఏ పాయింట్ ఎందుకో కూడా చెప్తాను. కారణం తెలిస్తే మీరే ఎక్కడైనా వాడుకోవచ్చు.

అది నిజంగా 4×4 యేనా?

నవ్వొద్దు, ఇదే మొదటి ప్రశ్న. 2023 జనవరి నుంచి థార్‌లో వెనక చక్రాలు మాత్రమే తిరిగే వేరియంట్ కూడా అమ్మారు. బయటికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్, ఎండీవర్, ఇసుజు వీ-క్రాస్‌లలో కూడా 4×2 వేరియంట్లు ఉన్నాయి. యాడ్‌లో "థార్ డీజిల్ హార్డ్ టాప్" అని ఉన్నంత మాత్రాన 4×4 అనుకోవద్దు. ఇంటీరియర్ ఫొటో అడగండి. థార్‌లో గేర్ రాడ్ పక్కన రెండో లివర్ ఉండాలి. జిమ్నీ, జిప్సీలతో ఈ బెంగ లేదు, ఇక్కడ అమ్మినవన్నీ 4×4 లే.

ఆ రెండో లివర్ ట్రాన్స్‌ఫర్ కేస్‌ది. అందులో మామూలుగా మూడు మోడ్‌లు: టూ-హెచ్ అంటే రెండు చక్రాలు, రోజువారీ రోడ్డుకి. ఫోర్-హెచ్ అంటే నాలుగు చక్రాలు, మట్టి, ఇసుక, మంచు మీద. ఫోర్-ఎల్ అంటే లో రేంజ్. ఇందులో బండి స్పీడు బాగా తగ్గి చక్రాల దగ్గర లాగే బలం సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. నిటారు రాళ్ల దారి ఎక్కాలన్నా, బ్రేక్ తొక్కకుండా దిగాలన్నా ఇదే కావాలి. డస్టర్ ఏడబ్ల్యూడీ లాంటి బండ్లలో ఈ లో రేంజ్ ఉండదు. తడి మట్టికి అవి చాలు, సీరియస్ ఆఫ్‌రోడ్‌కి చాలవు.

ఇంకో ముఖ్యమైన సంగతి. థార్, జిమ్నీ, జిప్సీలది పార్ట్-టైమ్ సిస్టమ్. ముందు, వెనక యాక్సిల్స్ ఒకే స్పీడులో లాక్ అవుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద, షాఫ్ట్‌ల మీద పడుతుంది. అందుకే అమ్మే ఆయన్ని "సార్, ఫోర్-హెచ్ ఎప్పుడెప్పుడు వాడతారు?" అని అడగండి. "వానొస్తే ఓఆర్ఆర్ మీద కూడా వేస్తా" అంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌ని రెండుసార్లు చెక్ చేయాల్సిందే.

మీ రోజువారీ రూట్ ఏంటి?

ట్రిప్ ఏడాదికి ఒకటి రెండుసార్లు. మిగతా రోజులన్నీ గచ్చిబౌలి నుంచి నానక్‌రామ్‌గూడకి ఐదారు కిలోమీటర్ల ట్రాఫిక్. ఇదే బీఎస్-6 డీజిల్‌కి తిప్పలు తెచ్చేది. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టుకునే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కాసేపు ఆగకుండా నడవాలి. రోజూ పది నిమిషాలు నడిపి ఆపేస్తుంటే ఫిల్టర్ నిండిపోతుంది. కాబట్టి తక్కువ కిలోమీటర్లు తిరిగిన డీజిల్ బండి అంటే మంచి బండి అని కాదు. హైవే మీద 80 వేలు తిరిగిన బండి, సిటీలోనే 25 వేలు తిరిగిన బండి కంటే ఆరోగ్యంగా ఉండొచ్చు. డీజిలే తీసుకుంటే వారానికోసారి ఓఆర్ఆర్ ఎక్కి ఓ అరగంట ఒకే స్పీడులో నడపండి.

పెట్రోల్‌కి వేరే లెక్క. ఖర్దుంగ్ లా లాంటి చోట సుమారు 5,300 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. టర్బో లేని ఇంజిన్ శక్తి కూడా ఇంచుమించు అంతే పడిపోతుంది. జిమ్నీలోని 1.5 లీటర్ ఇంజిన్ 105 పీఎస్ ఇస్తుంది, టర్బో లేదు. అక్కడికి ఎక్కదని కాదు, బరువు తక్కువ, లో రేంజ్ ఉంది కాబట్టి ఎక్కుతుంది. కానీ నలుగురు, లగేజీతో వెళ్తే ఓపిక కావాలి. టర్బో ఉన్నవాటికి ఈ నష్టం చాలా తక్కువ.

ఏ బండి ఎవరికి?

ఓవర్‌ల్యాండ్ ట్రిప్‌లో రిలయబుల్ అంటే అసలు చెడిపోని బండి అని కాదు. చెడిపోయినా చిన్న ఊళ్లో పార్ట్ దొరికి, లోకల్ మెకానిక్ చేయగలిగే బండి. ఆండ్రాయిడ్ ఫోన్‌కి అప్‌డేట్స్ ఎన్నేళ్లు వస్తాయని చూసినట్టే దీనికి స్పేర్లు ఎన్నేళ్లు దొరుకుతాయో చూడాలి.

• మహీంద్రా థార్ (2020 అక్టోబర్ తర్వాతది): 2.2 డీజిల్ 130 పీఎస్, 2.0 టర్బో పెట్రోల్ 150 పీఎస్. గ్రౌండ్ క్లియరెన్స్ 226 మి.మీ. సర్వీస్ నెట్‌వర్క్ పెద్ద ప్లస్. 2020 సెప్టెంబర్–డిసెంబర్ మధ్య తయారైన కొన్ని డీజిల్ బండ్లకి క్యామ్‌షాఫ్ట్ రీకాల్ వచ్చింది. ఆ బ్యాచ్‌దైతే ఛాసిస్ నంబర్‌తో సర్వీస్ సెంటర్‌లో ఆ పని అయ్యిందో లేదో కనుక్కోండి.

• మారుతి జిమ్నీ: 2023 జూన్‌లో వచ్చింది కాబట్టి పాతవి కూడా కొత్తవే. సింపుల్ ఇంజిన్, డీపీఎఫ్ గొడవ లేదు. ఇద్దరికి, సిటీ ప్లస్ ట్రిప్స్‌కి బెస్ట్. బూట్ చిన్నది.

• మారుతి జిప్సీ: 1985 నుంచి వచ్చిన బండి, ఎవరైనా రిపేర్ చేస్తారు. కానీ ఏసీ, ఎయిర్‌బ్యాగ్‌లు ఆశించొద్దు. ఆర్మీ వేలంలో పోయిన జిప్సీ అయితే ఆర్‌సీ పక్కాగా లేకుండా ముట్టుకోవద్దు.

• ఇసుజు వీ-క్రాస్: మన శ్రీసిటీ ప్లాంట్‌లోనే తయారవుతుంది. వెనక పెద్ద ట్రే, లాంగ్ ట్రిప్ లగేజీకి భలే ఉంటుంది. కానీ ఐదు మీటర్లు దాటిన పొడవు. ముందు మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్ స్లాట్ టేప్‌తో కొలవండి.

• టొయోటా ఫార్చ్యూనర్ 4×4: ఎక్కువ కిలోమీటర్లు తిరిగినా ఇంజిన్ నిలబడుతుందన్న పేరుంది. అందుకే రేటు దిగదు. 2009లో వచ్చిన మొదటి మోడల్‌ది ఫుల్-టైమ్ సిస్టమ్, తారు రోడ్డు మీద కూడా భయం లేదు.

• ఫోర్స్ గుర్ఖా: 2021 మోడల్‌లో ముందు, వెనక రెండు యాక్సిల్స్‌కీ డిఫరెన్షియల్ లాక్ కంపెనీ నుంచే వస్తుంది. ఆఫ్‌రోడ్‌కి తిరుగులేదు. మీ రూట్‌లో సర్వీస్ సెంటర్లు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి.

ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పజెరో స్పోర్ట్ కూడా షోరూమ్‌లో లేదు. రెండూ మంచి బండ్లే. కానీ స్పేర్ కోసం రోజుల తరబడి ఎదురుచూసే ఓపిక ఉంటేనే తీసుకోండి.

మునిగిన బండిని పట్టుకోవడం ఎలా?

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ, మున్నేరు పొంగి ఖమ్మం మునిగాయి. అలాంటి వరదల్లో మునిగిన బండ్లు కడిగి, పాలిష్ కొట్టి మార్కెట్‌లోకి వస్తుంటాయి. ఫోన్‌లో వాటర్ డ్యామేజ్ స్టిక్కర్ ఉంటుంది, బండిలో మనమే వెతకాలి.

సీట్ బెల్ట్‌ని చివరిదాకా లాగండి. బయట భాగం శుభ్రంగా ఉన్నా లోపలి భాగంలో బురద గీత ఉంటే అనుమానించండి. కార్పెట్ ఎత్తి సీటు పట్టాల బోల్టులు చూడండి. డ్యాష్‌బోర్డ్ కింద వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి పూత ఉంటే నీళ్లు చేరాయని అర్థం. ఫ్యూజ్ బాక్స్ తెరవండి. కొత్తగా కొట్టిన ఎయిర్ ఫ్రెషనర్ వాసన గుప్పుమంటోందంటే ఏసీ ఆపి, అద్దాలన్నీ మూసి పది నిమిషాలు కూర్చోండి. మగ్గిన వాసన దాగదు.

కింద దూరి చూడాల్సినవి

పాత చొక్కా వేసుకెళ్లండి, సిగ్గుపడొద్దు.

1. ఛాసిస్: సెన్సార్లు, స్క్రీన్లు మార్చుకోవచ్చు, ఛాసిస్ మార్చలేం. చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది. వైజాగ్, కాకినాడ సముద్రం పక్క తిరిగిన బండ్లయితే ఇంకా జాగ్రత్త. పాత బండికి కింద మాత్రం మెరిసే కొత్త నల్ల పెయింట్ ఉంటే ఏం దాచారో అడగండి.

2. డిఫరెన్షియల్ ఆయిల్: ఫిల్లర్ బోల్టు విప్పించి వేలు పెట్టి చూడండి. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. సన్నటి మెరుపు పొడి మామూలే. చేతికి తగిలే ముక్కలొస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

3. ప్రొపెల్లర్ షాఫ్ట్: చక్రాలకి రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పండి. జాయింట్లలో టకటక ఆడితే అరిగిపోయాయి.

4. ఫోర్-ఎల్ టెస్ట్: మట్టి నేల మీద బండి ఆపి ఫోర్-ఎల్ వేయండి. మీటర్‌లో లైట్ వెలిగితే సరిపోదు. వదులు మట్టిలో ఫస్ట్ గేర్‌లో మెల్లగా క్లచ్ వదులుతూ ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో బయట ఒకర్ని నిలబెట్టి చూడండి. రివర్స్‌లో కూడా. చాలా ఏళ్లు వాడకుండా వదిలేస్తే ఈ సిస్టమ్ బిగుసుకుపోతుంది.

5. టైర్లు: సైడ్‌లో నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. 4×4 లో నాలుగూ ఒకే సైజు, ఒకేలా అరిగి ఉండాలి, లేకపోతే యాక్సిల్స్ మధ్య ఎప్పుడూ తోపులాటే.

ఇంజిన్ స్టార్ట్ చేసేముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే దాని గుట్టు బయటపడుతుంది.

మన ఆయుధం: ఓబీడీ స్కానర్

స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ పెట్టి ఫోన్‌లో యాప్ కనెక్ట్ చేయండి. ఎర్రర్ కోడ్స్ ఏమీ లేవంటే సంతోషించొద్దు, రెడీనెస్ మానిటర్స్ చూడండి. చాలావరకు "నాట్ రెడీ" అని ఉంటే ఈమధ్యే ఎవరో కోడ్స్ క్లియర్ చేశారు లేదా బ్యాటరీ తీశారు. "కోడ్స్ క్లియర్ చేశాక తిరిగిన దూరం" కూడా చాలా బండ్లు చూపిస్తాయి. అది ముప్పై కిలోమీటర్లు అని ఉంటే, నిన్నే మీకోసం శుభ్రం చేశారన్నమాట. ఓడోమీటర్‌ని నమ్మకుండా కంపెనీ సర్వీస్ హిస్టరీలోని రీడింగ్‌లతో పోల్చండి. పాత జిప్సీకి ఈ సాకెట్ ఉండకపోవచ్చు, దానికి మంచి మెకానిక్ చెవే స్కానర్.

పేపర్లు

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు ఖరారు చేశాక అక్కడి పాత ఎస్‌యూవీలు ఇటు చౌకగా వస్తున్నాయి. కానీ ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి టీజీ నంబర్ తీసుకోవాలి. ఆ ఖర్చంతా కలిపాకే "చౌక" అనండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంక్ క్లియరెన్స్‌తో పాటు ఫారం 35, ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, 30. ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్చుకోవడానికి 14 రోజుల్లో అప్లై చేయాలి. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవాళ్లతోనే పోతుంది, మీకు రాదు. ప్రైవేట్ బండి ఆర్‌సీ 15 ఏళ్లకి ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్.

లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు, ఇనుప బుల్ బార్ చూసి మురిసిపోవద్దు. కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బుల్ బార్‌ల మీద చర్యలు తీసుకోమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి రాసింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పరేషాన్ మీదే.

కొన్నాక

బడ్జెట్ మొత్తం బండికే పెట్టేయొద్దు. నా లెక్కలో ఐదో వంతు పక్కన ఉంచాలి: టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లన్నీ, బెల్టులు, హోస్‌లు. ఆ తర్వాత మొదటి ట్రిప్ లద్దాఖ్ కాదు, అనంతగిరి. సాయంత్రానికి ఇంటికి రాగలిగే దూరంలో రెండు మూడు ట్రిప్పులు తిరిగితే చిన్న చిన్న లోపాలన్నీ బయటపడతాయి. హైదరాబాద్ నుంచి లేహ్ రెండున్నర వేల కిలోమీటర్లు దాటుతుంది. అక్కడ లోపం బయటపడితే రిపేర్ కంటే టోయింగ్‌కే ఎక్కువవుతుంది.

మన గ్యాడ్జెట్ బ్యాచ్‌కి రెండు హెచ్చరికలు. సిగ్నల్ ఉండదని శాటిలైట్ ఫోన్‌గానీ, శాటిలైట్ మెసెంజర్‌గానీ విదేశాల నుంచి తెప్పించి తీసుకెళ్లొద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి మన దేశంలో చట్టవిరుద్ధం. అలాగే వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, కనీసం ఒక్కరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఆఫ్‌లైన్ మ్యాప్‌లు డౌన్‌లోడ్ చేసుకుని, ఏ రోజు ఎక్కడుంటారో ఇంట్లో రాసిచ్చి వెళ్లండి.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ఇలా: ఇద్దరైతే జిమ్నీ, హైవే రన్నింగ్ బాగా ఉంటే సర్వీస్ రికార్డ్ పూర్తిగా ఉన్న థార్ డీజిల్ 4×4, ఫ్యామిలీ మొత్తం అయితే ఫార్చ్యూనర్. మోడల్ ఏదైనా సరే, కింద దూరి చూడనివ్వని ఓనర్ దగ్గర మాత్రం కొనకండి. మీరు ఏ బండి చూస్తున్నారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కామెంట్‌లో రాయండి, తెలిసినంతలో చెప్తాను.