ఆస్పత్రికి కాదు.. ఈసారి అతిథిగా నెల్లూరుకు
* మూడు రోజుల సెలవులకు మెట్టవాసుల చెంతనే విహారం
* పెన్నా బ్యారేజీల నుంచి నేలపట్టు గూడబాతుల దాకా..

వింజమూరు: మెట్ట ప్రాంతవాసులకు నెల్లూరు కొత్త కాదు. అయినా ఆ నగరాన్ని తీరిగ్గా చూసినవారు తక్కువే. జబ్బు ముదిరితే ఆస్పత్రికి, భూమి తగాదా వస్తే కోర్టుకు, అర్జీ చేతబట్టి కలెక్టరేట్‌కు, పిల్లల పరీక్ష ఉంటే కేంద్రం గేటు వరకు.. పరిచయం అంతటితో సరి. పని ముగియగానే ఆత్మకూరు బస్టాండుకు పరుగు తీయడమే. దీంతో నగరమంటే ఖర్చు, ఆందోళన అన్న భావనే మిగిలిపోతోంది. రెండో శనివారం, ఆదివారాలకు సోమవారం పండుగ సెలవు తోడైతే మూడు రోజులు కలిసివస్తాయి. దూర ప్రాంతాలకు వెళ్లే స్తోమత లేని కుటుంబాలు సైతం ఈ వ్యవధిలో జిల్లా కేంద్రాన్ని చుట్టిరావచ్చు.

మొదటి రోజు: పెన్నా వెంట
వింజమూరు నుంచి ఆత్మకూరు చేరి, సంగం, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా నెల్లూరు వెళ్లవచ్చు. దారిలో సంగంలో దిగితే పెన్నాపై బ్యారేజీ చూడవచ్చు. నెల్లూరు వద్ద 1850 దశకంలో, సంగం వద్ద 1880 దశకంలో బ్రిటిష్ పాలకులు ఆనకట్టలు కట్టించారు. అవి శిథిలం కావడంతో నిర్మించిన కొత్త బ్యారేజీలు రెండూ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమయ్యాయి. 78 టీఎంసీల సామర్థ్యం గల సోమశిల జలాశయం నుంచి వదిలిన నీరు నదిలో దిగువకు వస్తుంది. బ్యారేజీలు ఆ నీటిని నిలిపి మట్టం పెంచి కాలువలకు మళ్లిస్తాయి. డెల్టాలో కనుచూపు మేర వరి పండటానికి ఇదే కారణం. అదే జిల్లాలోని ఉదయగిరి మెట్టలో రైతు వాన కోసం, బోరులో ఊరే నీటి కోసం ఎదురుచూస్తాడు. సోమశిల హైలెవల్ కాలువ మాట ఇక్కడ ఏళ్ల తరబడి వినిపిస్తున్నదే. నీరుంటే పొలం ఎలా మారుతుందో మెట్ట రైతుబిడ్డలు కళ్లారా చూడవలసిన చోటిది.

బుచ్చిరెడ్డిపాళెం నుంచి జొన్నవాడ వెళ్లి మల్లికార్జున స్వామిని, కామాక్షి తాయిని దర్శించుకోవచ్చు. నెల్లూరు చేరాక సాయంత్రం పెన్నా ఒడ్డున ఉన్న తల్పగిరి రంగనాథస్వామి ఆలయానికి వెళ్లడం అనువుగా ఉంటుంది. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి, మహాభారతంలో 15 పర్వాలను తెలుగు చేసిన తిక్కన ఈ విక్రమసింహపురి వాడే.

రెండో రోజు: దర్గా, సముద్రం
ఉదయం స్వర్ణాల చెరువు గట్టున ఉన్న బారాషహీద్ దర్గాను సందర్శించవచ్చు. ఇక్కడ పన్నెండు మంది అమరవీరుల సమాధులున్నాయి. ఏటా మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగకు కులమతాలకు అతీతంగా జనం తరలివస్తారు. కోరిక తీరినవారు చెరువు నీటిలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు అందుకుంటారు. చదువు, ఉద్యోగం, పెళ్లి, సంతానం.. ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. దీనిని 2015లో రాష్ట్ర పండుగగా గుర్తించారు. ఆ రోజుల్లో లాడ్జీల్లో గది దొరకడం కష్టం. ముందే మాట్లాడుకోవాలి.

మధ్యాహ్న భోజనంలో మామిడికాయ వేసి వండిన నెల్లూరు చేపల పులుసు, ఆపై మలై కాజా రుచి చూడవలసినవే. సాయంత్రానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని మైపాడు తీరం చేరుకోవచ్చు. సముద్రం చూడని పిల్లలకు ఇది పండుగే. అయితే అలల లాగుడు ప్రమాదకరం. ఈత వచ్చినా మోకాలి లోతు దాటి వెళ్లరాదు.

మూడో రోజు: గూడబాతుల ఊరు
దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. నెల్లూరు నుంచి నాయుడుపేట మీదుగా తెల్లవారుజామునే బయలుదేరాలి. అక్టోబరు నుంచి మార్చి వరకు గూడబాతులు చెరువు నీటిలోని చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పైరుకు ఎరువుగా పనిచేస్తుందని అక్కడి రైతుల నమ్మకం. అందుకే ఊరివారే వాటికి కాపలా. వేసవిలో వెళితే నిరాశ తప్పదు.

ఇవి మరవొద్దు..
* 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి.
* గది చూసి, అద్దె తెలుసుకున్నాకే బయానా ఇవ్వాలి.
* మధ్యాహ్నం ఆలయాలు మూసి ఉంటాయి. వేళలు ముందే తెలుసుకోవాలి.
* మెట్టకు చివరి బస్సు ఎప్పుడో దిగిన రోజే విచారించుకోవాలి.

వీలైతే ఇంట్లోని పెద్దలనూ తీసుకెళ్లాలి. నెల్లూరు పేరు చెబితే వారిలో చాలామందికి ఆస్పత్రి వరండాయే గుర్తుకొస్తుంది. ఒక్క సాయంత్రమైనా వారు పెన్నా ఒడ్డున స్థిమితంగా కూర్చుంటే ఈ ప్రయాణానికి అంతకు మించిన ఫలం లేదు.