పేలిన తూటా చెప్పు కొలత

ఇరుకు మూతిగల పాత్ర లోపలి ఆకారము తెలియవలెనన్న, అందు మెత్తని మైనము నొక్కి తీసి, దానిని కొలువవచ్చును. రైఫిలులో తూటా ఇమిడియుండు గది విషయమున ఈ మైనపు పనిని ఇత్తడి చేయును.

తూటా ఇత్తడి తొడుగులో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము ఉండును. తొడుగు సీసావలె ముందుకు సన్నగిల్లును. మెడకు దిగువనున్న ఏటవాలు భాగము భుజము. .308 వించెస్టర్ వంటి తూటా ముందుకు జారకుండ గది భుజము ఆపును. వెనుకకు పోకుండ బోల్టు ఆపును. బోల్టు ముఖము మొదలు భుజముపై 0.400 అంగుళముల వ్యాసము గల వలయము వరకు గల దూరమే హెడ్‌స్పేసు. అమెరికా ప్రమాణము ప్రకారము ఈ రైఫిలుకు అది కనీసము 1.630 అంగుళములు (41.40 మి.మీ.) ఉండవలెను.

తొడుగు గదికంటె మిక్కిలి పొట్టిదైన ఏమగును? మందు మండగనే లోపలి పీడనము వాతావరణ పీడనమునకు వేల రెట్లు పెరుగును. పలుచని గోడలు ఉబ్బి గదిని గట్టిగా పట్టుకొనును. మందమైన అడుగు మాత్రము బోల్టును తాకువరకు వెనుకకు జరుగును. ఆ రెంటి నడుమ ఇత్తడి సాగి పలుచనగును. ఇట్లు పలుమారులు జరిగిన తొడుగు తెగి, వేడి వాయువులు వెనుకకు చిమ్మి కాల్చువాని కంటికే ముప్పు తేవచ్చును.

పీడనము తగ్గగనే ఉక్కు గది యథాస్థితికి వచ్చును. ఇత్తడి స్థితిస్థాపక అవధిని దాటినందున కొద్దిగా మాత్రమే ముడుచుకొని, గది ఆకారమును నిలుపుకొనును. పేలిన ప్రైమరును తొలగించి, తొడుగు భుజముపై రంధ్రము గల ఉంగరమును ఉంచి, అడుగునుండి ఉంగరము వరకు కాలిపరుతో కొలుతురు. కాల్చకముందు కొలత 1.627, కాల్చిన పిదప 1.632 అంగుళములు అనుకొందము. భేదము 0.005 అంగుళము, అనగా సుమారు 0.13 మి.మీ. ఉంగరపు రంధ్రము కొంచెము తప్పుగ ఉన్నను, రెండు కొలతలలోను అదే తప్పు ఉండుటచే తీసివేతలో అది పోవును.

అమెరికాలో గురికాండ్రు పలువురు ఖాళీ తొడుగులను మరల నింపుకొందురు. (మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము తూటాల తయారీకి లైసెన్సు ఉండవలెను.) నింపుటకు ముందు తొడుగును అచ్చులో నొక్కుదురు. అపుడు భుజమును పేలిన కొలతకంటె 0.001 లేక 0.002 అంగుళము మాత్రమే వెనుకకు నెట్టుట మేలు. మిక్కిలి నెట్టినచో, రైఫిలు నిర్దోషమైనను తొడుగు ప్రతిసారి సాగును. ప్రమాదమునకు మూలము గది కొలత ఒక్కటే కాదు. గదికిని తొడుగుకును గల భేదము.

ఈ పద్ధతికి హద్దులు కలవు. మందు తక్కువైన ఇత్తడి గదిని పూర్తిగా నింపదు. ఒక్క పేలుటతో నిండకపోవచ్చును. కావున పూర్తి మోతాదుతో రెండు మూడుసార్లు కాల్చిన పెక్కు తొడుగులను కొలిచి, అన్నిటిలో పొడవైనదానిని గ్రహింతురు. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి: కొలత దొరకుటకు ముందు రైఫిలును కాల్చవలెను గదా! అనుమానాస్పదమైన పాత రైఫిలును కొలత కొరకు కాల్చరాదు. మొదట ఉక్కు గేజీలతో పరీక్షింపవలెను. గేజి కాల్చుటకు తగునా తగదా అని చెప్పును. ఇత్తడి, తగినదని తేలిన పిదప, ఎంత అని చెప్పును.