నల్లబల్ల ప్రక్కన ఏ తెర?

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, శబరి నదీతీరాన కుంట పట్టణం ఉన్నది. ఆ పరిసరాల దోర్లా బాలుడు ఇంట తెలుగు కలసిన గోండీ మాట్లాడుతాడు. బడిలో హిందీ పుస్తకం తెరుస్తాడు. ఉత్తరాన జగదల్‌పూర్ వైపు హల్బీ వినవస్తుంది. ఒకప్పటి బస్తర్ జిల్లా కేరళ కంటె విశాలమైనది. నేడది ఏడు జిల్లాలైనది. ఇట్టి సీమలోని తరగతి గదికి ప్రొజెక్టరు కొనవలెనా, ఇంటరాక్టివ్ వైట్‌బోర్డు కొనవలెనా అన్న ప్రశ్న ధరల పట్టికతో తేలేది కాదు.

తెరపై పాఠం మనకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరం పాటు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందినవి. ఆంధ్ర గ్రామాలు తెలుగులోను, నాడు మధ్యప్రదేశ్‌లో ఉన్న ఛత్తీస్‌గఢ్ గ్రామాలు హిందీలోను వాటిని చూచినవి. పెట్టె ఎంత అవసరమో, చెడినపుడు దానిని బాగుచేసే మనిషి అంత అవసరమని ఆ ప్రయోగం నేర్పినది.

ఇక ఎన్నిక సంగతి. మామూలు ప్రొజెక్టరుకు తెల్లని గోడ చాలు. ఇంటరాక్టివ్ వైట్‌బోర్డుకు ప్రొజెక్టరు కూడ కావలె. వ్రాసేవారి నీడ బల్లపై పడవచ్చును. స్వయంగా వెలిగే ప్యానెల్‌కు ఆ బాధ లేదు, కాని 65 అంగుళాల దాని బరువు దాదాపు 40 కిలోలు. 2005 తరువాతి హింసాకాండలో బడులు కూలిన చోట్ల వెదురుతో నిర్మించిన పోర్టా కాబిన్ పాఠశాలల గోడలు అంత బరువు మోయగలవా అన్నది ముందుగా చూడవలె.

చిత్రం ఎత్తు, చివరి వరుస దూరంలో ఆరవ వంతైనా ఉండవలెనన్నది వాడుకలోని సూత్రం. ఆరు మీటర్ల గదికి మీటరు ఎత్తు కావలె. 65 అంగుళాల ప్యానెల్ ఎత్తు 81 సెంటీమీటర్లే. ప్రొజెక్టరు చిత్రాన్ని పెద్దది చేయగలదు, కాని కిటికీ వెలుగులో అది వెలవెలబోతుంది. కిటికీలు మూస్తే గది ఉక్కపోస్తుంది.

300 వాట్ల ప్రొజెక్టరు నాలుగు గంటలు నడిస్తే 1.2 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. సౌరఫలకాలపై ఆధారపడిన బడి వానకాలపు మబ్బులను కూడ లెక్కలోనికి తీసికొనవలె. సాధారణ దీపం మూడు నుండి ఐదు వేల గంటలు, లేజరు దీపం 20,000 గంటల వరకు పనిచేయును. దీపం మార్చుటకు జగదల్‌పూర్ వరకు పోవలసిన బడికి ఈ తేడా చిన్నది కాదు.

ఇన్నీ కుదిరినా పని సగమే. లండన్ మాధ్యమిక పాఠశాలలలోని ఇట్టి బల్లలను పరిశీలించి 2007లో వెలువరించిన నివేదికలో, మొదటి సంవత్సరం విద్యార్థుల ఫలితాలపై వాటి ప్రభావం కనబడలేదని తేలినది. అక్కడ విద్యుత్తుకు గాని, మరమ్మతుకు గాని కొరత లేదు. బల్ల తనంతట తాను బోధించదు, బోధించేది ఉపాధ్యాయుడే. బస్తర్‌లో ఆ ఉపాధ్యాయునికి భాష అనే వంతెన కూడ కావలె. గోండీ, హల్బీ, దోర్లా మాటలలో, ఇంద్రావతిని, ఇప్పచెట్టును చూపే పాఠం లేనినాడు, ఎంత వెలుగు గల తెర యైనా ఆ పిల్లలకు చీకటే.

కనుక కొనుటకు ముందు ఒక పరీక్ష చాలు. మిట్టమధ్యాహ్నం కిటికీలు తెరచి, ఆ తెరపై పిల్లల భాషలో ఒక వాక్యం వేయవలె. చివరి వరుసలోని చిన్నపిల్ల దానిని చదివి, అర్థం చెప్పగలిగితే కొనవచ్చును. చెప్పలేకపోతే, ఆ సొమ్మును ముందు ఉపాధ్యాయుని శిక్షణకు, పాఠాల తయారీకి వెచ్చించుట మేలు.