వీరమ్మలో దాక్కున్న రమ
కాలనీ సంఘం సభ్యుల పేర్లు తెలుగులో టైపు చేసిన ఎక్సెల్ షీటు ఒకటి ఉందనుకోండి. అందులో ‘రమ’ను వెతకాలి. పేరు ఏ2 గడిలో ఉంటే, పక్క గడిలో =ఫైండ్("రమ",ఏ2) అని ఫార్ములా ఇస్తాం (ఫంక్షన్ పేరు, గడి పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి). జవాబుగా పేరు రాదు, అంకె వస్తుంది. వెతికిన ముక్క ఎన్నో స్థానంలో మొదలైందో చెప్పే అంకె అది. రమాదేవికి 1, పరమేశ్వరికి 2. విచిత్రంగా వీరమ్మకి కూడా 3 అని వస్తుంది!

వీరమ్మలో రమ ఎక్కడుంది? మన కంటికి వీ, ర, మ్మ అని మూడక్షరాలు. కంప్యూటర్ దాచుకునేది యూనికోడ్ సంకేతాలను. వ, గుడిదీర్ఘం, ర, మ, పొల్లు, మళ్లీ మ: మొత్తం ఆరు. మూడో స్థానంలో ర, నాలుగో స్థానంలో మ పక్కపక్కనే దొరికాయి, ఫైండ్‌కి అంతే చాలు. ఒత్తుకు యూనికోడ్‌లో విడిగా సంకేతం లేదు. పొల్లు పెట్టి హల్లును మళ్లీ ఇస్తే, దాన్ని ఒత్తుగా గీసే పని ఫాంటుది. అందుకే ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి సంకేతాలను లెక్కపెట్టే లెన్ ఫంక్షన్ 6 అంటుంది. మొదటి అక్షరం కోసం లెఫ్ట్ వాడితే ఒట్టి ‘స’ చేతికొస్తుంది.

విడి మాటగా ఉన్న రమ మాత్రమే కావాలంటే పేరుకు, వెతికే ముక్కకు అటూ ఇటూ ఖాళీ చేర్చాలి: =ఫైండ్(" రమ "," "&ఏ2&" "). వీరమ్మ తప్పుకుంటుంది. దొరకని చోట #వాల్యూ! అనే ఎర్రర్ వస్తుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, ‘లేదు’ అని చెప్పే మొరటు పద్ధతి అది. ఫార్ములాను ఈజ్‌నంబర్‌లో చుడితే ట్రూ, ఫాల్స్ అని మర్యాదగా చెబుతుంది.

ఫైండ్‌కి తోబుట్టువు సెర్చ్. ఇంగ్లిషులో పెద్ద బడి, చిన్న బడి తేడా దీనికి పట్టదు. ఏదో ఒక అక్షరానికి బదులు ప్రశ్నార్థకం, ఎన్ని అక్షరాలకైనా బదులు నక్షత్రం గుర్తు ఇవ్వొచ్చు. తెలుగులో బడుల గొడవే లేదు కాబట్టి మామూలు వెతుకులాటకు ఫైండ్ సరిపోతుంది.

అసలు తలనొప్పి కంటికి కనపడని సంకేతంతో. ‘కుమార్’ చివర పొల్లు తర్వాతి హల్లుతో కలిసి ఒత్తుగా మారకుండా, కొన్ని కీబోర్డులు ఒక అదృశ్య సంకేతాన్ని జొప్పిస్తాయి. దాని నంబరు 8204. వెబ్‌సైట్ల నుంచి కాపీ చేసిన పేర్లలోనూ ఇది తరచూ వెంట వస్తుంది. అది ఉన్న కుమార్‌కి లెన్ 7, లేనిదానికి 6. ఏడు సంకేతాల కుమార్‌ను ఆరు సంకేతాల కుమార్‌లో వెతికితే ఫైండ్ లేదనే అంటుంది, తెర మీద రెండూ అచ్చు ఒకేలా కనిపిస్తున్నా సరే. =సబ్‌స్టిట్యూట్(ఏ2,యూనిచార్(8204),"") ఇస్తే ఆ పీడ విరగడవుతుంది. వెతికే మాటకూ ఇదే చేయాలి.

కాబట్టి పింఛను జాబితాలోనో, ఫీజుల పట్టికలోనో ఎవరి పేరైనా ‘లేదు’ అని చెప్పేసే ముందు, జాబితాలోని పేరుకూ, వెతికే మాటకూ ఒకసారి లెన్ కొట్టి చూడండి.