పాజిటివ్ అను చీటీ

బెంగళూరు కె.ఆర్.పురపు సంతలో తెల్లవారకమునుపే మల్లెమొగ్గలు ముందర పోసికొని మాలలు కట్ట గూర్చుండు తెలుగింటి స్త్రీ యొకతె గలదనుకొందము. నిదుర లేచినది మొదలు గంటకు పైగా వ్రేళ్లు బిగిసికొనిపోయి, ప్రొద్దెక్కిన పిదప గాని దారము ముడిపడకున్నచో, పైగా రెండు చేతుల కణుపులును ఒక్కతీరుగా వాచియున్నచో, అది పనియలసట కాదు, కీళ్లవాతమేమో యని వైద్యుడు శంకించి నెత్తురు పరీక్షకు వ్రాసియిచ్చును. అక్కడనుండి ఆ కుటుంబమంతయు ల్యాబు రిపోర్టులోని ‘ఆర్.ఏ. ఫ్యాక్టరు’ (రుమటాయిడ్ ఫ్యాక్టరు) అను పంక్తి చుట్టునే తిరుగును: పాజిటివ్ అనిన గుండె జారును, నెగటివ్ అనిన నిశ్చింత కలుగును. నా యెన్నికలో రెండును తొందరపాటే.

ఈ ఫ్యాక్టరు బయటపడిన తీరు చిత్రమైనది. కుందేటి ప్రతిరక్షకములు పూసిన గొర్రె రక్తకణములను కీళ్లవాత రోగి సీరములో కలుపగా అవి గుంపులుగా నంటుకొనిపోవుటను నార్వే వైద్యుడు ఎరిక్ వాలర్ 1940లో ప్రకటించెను. 1948లో న్యూయార్కున రోజ్, రేగన్ అనువారు దానినే వేరుగా కనుగొనిరి. 1956లో సింగర్, ప్లాట్జ్ గొర్రెకు సెలవిచ్చి లేటెక్సు రేణువులతో పరీక్షను సులభమొనర్చిరి. శత్రువుపై కావలి కాయవలసిన ప్రతిరక్షకములపైననే శరీరము మరల వేరు ప్రతిరక్షకములను పురికొల్పుటయే ఇందలి మర్మము. అయితే ఈ దుడుకుతనము కీళ్లవాతమునకే పరిమితము కాదు. క్షయలో, హెపటైటిస్-సిలో, ఆరోగ్యముగా నున్న కొందరు వృద్ధులలో సైతము ఫ్యాక్టరు కనబడును. నిజముగా వ్యాధియున్నవారిలోనో, నూటికి ఇరువది ముప్పది మందికి కనబడనే కనబడదు.

ఈ కొరతను కొంత తీర్చినది యాంటీ సీసీపీ పరీక్ష. దానికి మూలమైన సిట్రులిన్ అను పదార్థమును 1914లో జపానువారు పుచ్చకాయ రసమునుండి తీసిరి. దాని పేరును పుచ్చకాయ లాటిను నామమునుండి వచ్చినదే. వేసవిలో మనము చప్పరించు పండునకును వ్రేలి కణుపునకును ఇట్టి చుట్టరికమున్నదని ఎవరనుకొందురు! మన ప్రోటీన్లలోని ఆర్జినిన్ సిట్రులిన్‌గా మారినపుడు కొందరి శరీరము దానిని పరాయిదానిగా నెంచి ప్రతిరక్షకములను పుట్టించునని 1998లో హాలండున వాన్ వెన్‌రాయ్ బృందము తెలిపెను. ఆర్.ఏ. ఫ్యాక్టరు వలె ఇది ఇతర వ్యాధులలో అంత తరచుగా కానరాదు. నొప్పి మొదలగుటకు ఏండ్ల ముందే నెత్తుటిలో చేరియుండుటయు గలదు.

2006లో కర్ణాటకాంధ్రములను చికున్‌గున్యా కుదిపివేసినపుడు, జ్వరము విడిచినను నెలల తరబడి కీళ్లు పట్టుకొనిపోయినవారు ఎందరో. ఆ వాపు కీళ్లవాతమును అచ్చముగా అనుకరించును. కాని వారిలో చాలమందికి ఈ సీసీపీ ప్రతిరక్షకము ఉండదు. పరీక్ష తన విలువను ఇట్టి చోటనే చూపును.

అమెరికా, ఐరోపా కీళ్లవైద్యుల సంఘములు 2010లో కలిసి కూర్చిన పట్టికలో మొత్తము పది మార్కులు. ఆరు వచ్చిన కీళ్లవాతమని యెంచవచ్చును. ప్రతిరక్షకములు ఎంత హెచ్చుగా నున్నను వానికి దక్కునవి మూడే. వాచిన కీళ్లకు ఐదు వరకు, ఆరు వారములు దాటిన వ్యథకు ఒకటి, వాపును సూచించు నెత్తుటి పరీక్షలైన ఈఎస్ఆర్ గాని సీఆర్పీ గాని హెచ్చినచో మరియొకటి. కనుకనే తెలిసిన వైద్యుడు రిపోర్టును బల్లపై నుంచి, ముందు ఆ పూలామె వ్రేళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూచును.