రెండో అంచెకు ముందు నాలుగొందల మాటలు

మార్చి నెల. రాత్రి ఒంటిగంటన్నర. రఘునాథపల్లిలో ఊరంతా పడుకుంది. కాజీపేట వైపు పోయే గూడ్సు రైలు చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. మీరు మాత్రం ఫోన్ వెలుతురు తగ్గించుకొని, ఒక్క చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకొని చాంపియన్స్ లీగ్ చూస్తుంటారు. రెండో చెవి ఎందుకు ఖాళీగా ఉంచారో మీకు తెలుసు. పక్క మంచం మీంచి నాన్న ఏ క్షణంలోనైనా అడగొచ్చు. "ఇంకా పండలేదా బిడ్డా? ఈ బంతాట నీకు కొలువిస్తదా?"

నిజం చెప్పాలంటే, చూడటం వల్ల కొలువు రాదు. కానీ ఆ మ్యాచ్‌కు ముందురోజు మీరు కూర్చొని నాలుగొందల మాటల ప్రివ్యూ రాస్తే, అలాంటివి ఓ పది పదిహేను జమచేస్తే, పత్రిక డెస్కులోనో స్పోర్ట్స్ వెబ్‌సైట్‌లోనో ఇంటర్వ్యూ బల్ల మీద పెట్టడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. డిగ్రీ మెమో అందరి దగ్గరా ఉంటుంది. ఇది ఉండదు.

ప్రివ్యూనే ఎందుకు? మ్యాచ్ రిపోర్టు రాయొచ్చు కదా అంటారేమో. గడియారం చూడండి. యూరప్‌లో రాత్రి తొమ్మిదికి మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో మనకు ఒంటిగంటన్నరకు పడుతుంది. మార్చి ఆఖర్లో అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఏప్రిల్‌లో క్వార్టర్‌ఫైనల్స్ పన్నెండున్నరకే మొదలవుతాయి. ఎలా చూసినా మ్యాచ్ ముగిసేసరికి జిల్లా ఎడిషన్లు అచ్చయి బండి ఎక్కేసి ఉంటాయి. పొద్దున జనగామ బస్టాండులో పేపర్ కొన్నవాడికి ఫలితం దొరకదు, దొరికేది ప్రివ్యూనే. ఫలితం ఫోన్‌లో ఎవరైనా చూసుకుంటారు. మ్యాచ్‌కు ముందు ఏం చూడాలో చెప్పగలిగినవాడికే డెస్కులో విలువ.

ముందు అసలు లెక్క. నాకౌట్‌లో ఒకే జత జట్లు రెండుసార్లు ఆడతాయి, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. రెండింటి గోల్స్ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్లు ముందుకు పోతారు. ఇది మీకు కొత్తేమీ కాదు. ఐబీపీఎస్ పీఓ రాసినవాళ్లను అడగండి. ప్రిలిమ్స్ మార్కులు గేటు దాటడానికి మాత్రమే, తర్వాత లెక్కలోకి రావు. మెయిన్స్, ఇంటర్వ్యూ మార్కులు మాత్రం 80:20 నిష్పత్తిలో కలుపుతారు. మెయిన్స్‌లో బాగా తెచ్చుకున్నవాడు ఇంటర్వ్యూకు ఎలా వెళ్తాడు? తప్పు చేయకుండా బయటపడితే చాలనుకుంటాడు. తక్కువ తెచ్చుకున్నవాడు తెగించి మాట్లాడతాడు. రెండో అంచె మొత్తం ఆ రెండు మనస్తత్వాల మధ్యే నడుస్తుంది. ప్రివ్యూ రాసేవాడు పట్టుకోవాల్సింది అదే.

యూరప్ దాకా పోయేముందు మన హైదరాబాద్ ఎఫ్‌సీనే తీసుకుందాం. 2022 మార్చి. కొవిడ్ వల్ల ఐఎస్‌ఎల్ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. లీగ్‌లో హైదరాబాద్ 38 పాయింట్లతో రెండో స్థానం, ఏటీకే మోహన్ బగాన్ 37తో మూడో స్థానం. సెమీఫైనల్లో ఇవే ఎదురుపడ్డాయి. మార్చి 12న తొలి అంచెలో రాయ్ కృష్ణ గోల్‌తో బగాన్ ముందంజ వేసింది. సగం ఆట ముగిసే ముందు ఇంజురీ టైమ్‌లో ఒగ్‌బెచె సమం చేశాడు. రెండో సగంలో యాసిర్, సివెరియో ఆరు నిమిషాల తేడాలో చెరో గోల్ కొట్టారు. 3-1.

ఇప్పుడు మీరు మార్చి 15న కూర్చొని ప్రివ్యూ రాస్తున్నారనుకోండి. చాలామంది రాసే మొదటి వాక్యం ఇలా ఉంటుంది: 'ఫైనల్ బెర్తుపై కన్నేసిన హైదరాబాద్ నేడు బగాన్‌తో తాడోపేడో తేల్చుకోనుంది.' పేర్లు మార్చి ఏ మ్యాచ్‌కైనా అతికించొచ్చు. అంటే అందులో ఏమీ లేనట్టే. అసలు ప్రశ్నలు వేరు. బగాన్‌కు కనీసం రెండు గోల్స్ కావాలి. మరి వాళ్లు మొదటి పావుగంటలోనే ఎగబడతారా, డెబ్బయ్యో నిమిషం దాకా ఓపిక పడతారా? ఎగబడితే వెనక ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో ఒగ్‌బెచె ఉంటాడు, ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నవాడు. మరి హైదరాబాద్ కోచ్ మనోలో మార్కెజ్ రెండు గోల్స్ ఆధిక్యాన్ని కాపాడుకోవడానికి ఆడిస్తాడా, మూడోది కోసం ఆడిస్తాడా? ఈ మూడు ప్రశ్నలు వరసగా పెట్టి, ఒక్కోదానికి తొలి అంచెలో కనిపించిన ఒక్క ఆధారం చూపించినా అది ప్రివ్యూ అవుతుంది.

మార్చి 16న ఏం జరిగింది? రాయ్ కృష్ణ 79వ నిమిషంలో గోల్ కొట్టాడు. ఇంకొక్కటి పడితే సమం. పడలేదు. హైదరాబాద్ 0-1తో మ్యాచ్ ఓడింది, 3-2తో ఫైనల్‌కు పోయింది. ఓడి గెలవడమంటే అదే. నాలుగు రోజుల తర్వాత ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌పై 1-1 అయ్యాక, షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చాడు. మరుసటి ఏడాది అదే బగాన్‌తో సెమీస్ గచ్చిబౌలిలో 0-0, కోల్‌కతాలో 0-0. షూటౌట్‌లో 4-3తో బగాన్ పోయింది. 180 నిమిషాలకు పైగా ఆడినా ఒక్క గోల్ లేదు.

ఇక యూరప్. స్కోరును నమ్మి ప్రివ్యూ రాసేవాళ్లకు ఒక మ్యాచ్ చూపించాలంటే నేను 2025 మార్చి 5 నాటి పీఎస్‌జీ-లివర్‌పూల్ తొలి అంచెనే చూపిస్తాను. పారిస్‌లో పీఎస్‌జీ 27 షాట్లు కొట్టింది. లివర్‌పూల్ కొట్టినవి రెండు. గోల్‌కీపర్ అలిసన్ తొమ్మిది ఆపాడు. 87వ నిమిషంలో హార్వీ ఎలియట్ గోల్ కొట్టాడు. లివర్‌పూల్ 1, పీఎస్‌జీ 0. స్కోరు మాత్రమే చూసినవాడు 'సొంతగడ్డపై లివర్‌పూల్‌కు నల్లేరుపై నడకే' అని రాస్తాడు. ఆట చూసినవాడికి మాత్రం ఇంకో రాత్రి అలిసన్ అలా ఆడకపోతే ఏమిటన్న అనుమానం వస్తుంది. మార్చి 11న ఆన్‌ఫీల్డ్‌లో 12వ నిమిషంలోనే డెంబెలె గోల్ కొట్టాడు, మొత్తం స్కోరు 1-1 అయింది. ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ తేలలేదు. షూటౌట్‌లో డొన్నరుమ్మ రెండు ఆపాడు, పీఎస్‌జీ 4-1. ఆ జట్టే మే 31న ఇంటర్ మిలాన్‌ను 5-0తో చిత్తుచేసి చాంపియన్ అయింది.

ఈ 'ఆట చూసినవాడి అనుమానం'కు అంకెల్లో ఒక పేరుంది, ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, ముద్దుగా ఎక్స్‌జీ. ఏ చోటు నుంచి, ఎలాంటి షాట్ కొడితే గోల్ అయ్యే అవకాశం ఎంతో పాత షాట్ల లెక్కల నుంచి తీస్తారు. పెనాల్టీ అయితే దాదాపు ముప్పావు గోల్ కింద లెక్క. ముప్ఫై గజాల నుంచి గాల్లోకి తన్నితే సున్నాకు దగ్గర. ఇంజినీరింగో, బీఎస్సీ స్టాటిస్టిక్సో చదువుతున్నవాళ్లు ఇక్కడ ఆగి చూడండి. స్టాట్స్‌బాంబ్ సంస్థ కొన్ని టోర్నీల డేటాను ఉచితంగా గిట్‌హబ్‌లో పెట్టింది. పైథాన్ వస్తే చాలు, కళాశాల ప్రాజెక్టుగా షాట్ మ్యాప్ మీరే గీయొచ్చు. మీ రెజ్యూమెలో 'హాబీ: ఫుట్‌బాల్' అనే మాటకూ, అలాంటి ఒక ప్రాజెక్టుకూ తేడా చెప్పక్కర్లేదు.

రూల్స్ దగ్గర జాగ్రత్త. 2019 మేలో అజాక్స్‌పై టాటెన్‌హామ్ సొంతగడ్డ మీద 0-1తో ఓడి, ఆమ్‌స్టర్‌డామ్‌లో సగం ఆటకే 0-2 వెనకబడి, లూకాస్ మౌరా మూడు గోల్స్‌తో 3-2కు తెచ్చుకుంది. మొత్తం 3-3. బయటి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టినందుకు టాటెన్‌హామ్ ఫైనల్‌కు పోయింది. ఆ అవే గోల్స్ రూల్‌ను 2021-22 సీజన్ నుంచి యూఈఎఫ్‌ఏ ఎత్తేసింది. ఇప్పుడు మొత్తం సమమైతే అరగంట ఎక్స్‌ట్రా టైమ్, తర్వాత పెనాల్టీలు. ఆ అరగంట కూడా రెండో అంచె జరిగే మైదానంలోనే కాబట్టి అక్కడి జట్టుకు కాస్త కలిసొస్తుంది. పాత యూట్యూబ్ వీడియోలు చూసి 'అవే గోల్ కీలకం' అని రాసిన ప్రివ్యూ కనబడితే డెస్క్ ఇన్‌చార్జి రెండో పేరా చదవడు. ఎల్లో కార్డులూ అంతే. చాంపియన్స్ లీగ్‌లో మూడు కార్డులు పడితే ఒక మ్యాచ్ నిషేధం. రెండో అంచెకు ఎవరు దూరమయ్యారో చూడకుండా జట్టు రాసేయడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు.

రెండో తప్పు కొంచెం తియ్యటిది. మొదటి అంచెలో చిత్తుగా ఓడిన పెద్ద జట్టు కనిపించగానే 'అద్భుతం జరిగేనా?' అని రాయాలనిపిస్తుంది. 2017లో పీఎస్‌జీ చేతిలో 0-4తో ఓడిన బార్సిలోనా మార్చి 8న 6-1తో తిరగబడింది, చివరి మూడు గోల్స్ 88వ నిమిషం నుంచే. 2019లో బార్సిలోనా చేతిలో 0-3తో ఓడిన లివర్‌పూల్, గాయాలతో సలా, ఫిర్మినో ఇద్దరూ లేకుండా 4-0 కొట్టింది. ఆ రోజు ప్రివ్యూల్లో ఒరిగి పేరు ఎంతమంది రాసుంటారు? రెండు గోల్స్ అతనివే. ఇవి గుర్తుండిపోయాయంటే అరుదు కాబట్టే. 2025 ఏప్రిల్‌లో ఆర్సెనల్ చేతిలో 0-3తో ఓడిన రియల్ మాడ్రిడ్ చుట్టూ వారమంతా అదే అద్భుతం మాట నడిచింది. ఏప్రిల్ 16న సొంత మైదానంలో మాడ్రిడ్ 1-2తో మళ్లీ ఓడింది, మొత్తం 1-5. చరిత్ర రాయండి, తప్పులేదు. కానీ ఒక పేరాకు మించనీయొద్దు.

ఇంకో సంగతి మెల్లగా చెబుతాను. 'ఎవరు గెలుస్తారు' అన్న ప్రశ్న రాయడం దగ్గర ఆగితే మంచిదే. హాస్టల్ గదుల్లో అది బెట్టింగ్ యాప్ దాకా పోతోంది. ఫీజు కోసం ఇంట్లో ఇచ్చిన డబ్బులు, కోచింగ్ డబ్బులు అందులో పోగొట్టుకున్నవాళ్లు మీ క్లాసులోనే ఉండొచ్చు, బయటికి చెప్పరంతే. తెలంగాణలో 2017 సవరణ చట్టంతోనే ఆన్‌లైన్ పందేలు నేరం. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధించింది. పైన చెప్పిన మ్యాచ్‌లు మళ్లీ చదవండి. 27 షాట్లు కొట్టిన జట్టు ఓడింది, 0-4 జట్టు గెలిచింది. ఇంత చదివినవాడికే రేపటి స్కోరు తెలియదు. ఒకసారి యాప్‌కు అలవాటుపడితే ప్రివ్యూ కూడా పాడవుతుంది, మీరు డబ్బు పెట్టిన జట్టే బలంగా కనిపిస్తుంది.

సరే, ఎలా మొదలుపెట్టాలి? తొలి అంచె పూర్తిగా చూడండి, హైలైట్స్ కాదు. హైలైట్స్‌లో గోల్స్ మాత్రమే ఉంటాయి, మీకు కావాల్సింది గోల్ కానివి. రెండో అంచెకు ముందురోజు సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి గంటన్నరలో రాసేయండి. డెస్కులో అంతకంటే ఎక్కువ టైమ్ ఇవ్వరు. మొదటి వాక్యంలోనే ఎవరికి ఎన్ని గోల్స్ కావాలో తేలిపోవాలి. మధ్యలో ఒకే ఒక్క పోరు తీసుకోండి, ఫలానా వింగర్‌కు ఫలానా బ్యాక్‌కు. పదకొండు మంది మీదా రాస్తే ఎవరి మీదా రాయనట్టే. 'ఆఫ్‌సైడ్', 'ప్రెసింగ్' లాంటివి అనువదించి హింసించొద్దు. మీ అమ్మకు చదివి వినిపించండి, ఆమెకు 'ఎవరు వెనకబడ్డారు, ఎంత కావాలి' అర్థమైతే మీ తెలుగు పనిచేసినట్టే. పొద్దున ఫలితం చూశాక కింద ఎర్ర పెన్నుతో మూడు లైన్లు రాసుకోండి: ఎక్కడ సరిగ్గా చూశాను, ఎక్కడ తప్పాను, ఎందుకు. దిద్దుకున్న కాగితాలే ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. తప్పులు కనబడతాయని భయపడొద్దు.

ఆశ ఎక్కువ పెట్టి మోసం చేయను. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ, మొదట్లో జీతాలు తక్కువ, రాత్రి షిఫ్టులు ఎక్కువ. డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేరితే వారంలో ఐదు రోజులు క్రికెట్టే. క్లబ్బుల్లో వీడియో అనలిస్టు పోస్టులున్నాయి కానీ క్లబ్బులే నిలబడని రోజులివి. మనం పైన చెప్పుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచిన తర్వాత అప్పుల్లో కూరుకుపోయింది, జీతాలు ఆగాయి, 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. 1950 నుంచి 54 దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన ఊరది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. అయినా అక్కడక్కడా దారులు తెరుచుకుంటూనే ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు సంతకం చేసింది. ఆమె గురించి తెలుగులో ఎవరు ఎంత రాశారో ఒకసారి వెతికి చూడండి. అక్కడ మీకు చోటుంది. అందుకని బ్యాంకు, గ్రూప్స్ ప్రిపరేషన్ మానేయమని కాదు, దానితోపాటు వారానికి ఒక సాయంత్రం.

చివరగా నిద్ర సంగతి. ఒంటిగంటన్నరకు మొదలైన రెండో అంచె మామూలుగా మూడున్నరకు ముగుస్తుంది. ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు వస్తే నాలుగు దాటుతుంది. పొద్దున్నే వరంగల్‌లో రాతపరీక్షో, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూనో ఉంటే ఆ రాత్రి మ్యాచ్ పెట్టుకోవద్దు. ప్రివ్యూ రాసి, అలారం పెట్టుకొని పడుకోండి. రఘునాథపల్లి స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కాక, కిటికీ పక్క సీటు దొరికితే, స్కోరు అప్పుడు చూసుకోవచ్చు. ఎర్ర పెన్ను మాత్రం బ్యాగులో ఉంచుకోండి.