బడి పిల్లల ల్యాప్‌టాప్: ప్లాస్టిక్‌దా, అల్యూమినియందా? లెక్కలు ఏం చెబుతున్నాయి

జూన్‌లో బడులు తెరిచే రోజులొస్తే కొత్తగూడ కూడలి నుంచి కొండాపూర్ దాకా ఉన్న ఎలక్ట్రానిక్స్ షాపుల్లో తల్లిదండ్రులు అడిగే మాట ఒకటుంది: "పిల్లలకి ప్లాస్టిక్ బాడీ ఆగుతుందా, మెటల్ బాడీయే తీసుకోవాలా?" సైబరాబాద్‌లో పనిచేసేవాళ్ల ఇళ్లలో పెద్దవాళ్ల చేతికి కంపెనీ ఇచ్చిన మంచి ల్యాప్‌టాప్ ఉంటుంది. దాన్ని చూసిన కళ్లకి షాపులోని ప్లాస్టిక్‌ది నాసిరకంగా అనిపించడం సహజం. అయితే బడి పిల్లల వాడకం వేరు, వాళ్ల బ్యాగు వేరు, వాళ్ల చేతులు వేరు. బరువు, గట్టిదనం, వేడి, కరెంటు, డబ్బు అన్నీ అంకెల్లో పెట్టి చూస్తే తేలేది ఇది: బాడీ దేనితో చేశారన్నది అడగాల్సిందే, కానీ అది మొదటి ప్రశ్న కాదు.

ముందు బ్యాగు బరువు

బడి బ్యాగు బరువు మీద తెలంగాణ ప్రభుత్వం 2017లోనే పరిమితి పెట్టింది. 2018లో కేంద్రం కూడా 8, 9 తరగతులకు 4.5 కిలోలు, 10వ తరగతికి 5 కిలోలు దాటకూడదంది. 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం ఇంకా సులువైన కొలత ఇచ్చింది: బ్యాగు బరువు పిల్లల ఒంటి బరువులో 10 శాతం మించకూడదు. అంటే 45 కిలోల పిల్లకి 4.5 కిలోలు.

ఇప్పుడు కూడండి. మామూలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ సుమారు 1.6 కిలోలు, చార్జర్ 0.3, లీటరు నీళ్లతో బాటిల్ 1.2, లంచ్ బాక్సు 0.7, ఖాళీ బ్యాగు 0.7. మొత్తం 4.5 కిలోలు. ఒక్క నోట్‌బుక్ కూడా పెట్టకముందే పరిమితి నిండిపోయింది.

మరి అల్యూమినియం తీసుకుంటే ఈ బరువు తగ్గుతుందా? ప్లాస్టిక్ బాడీ ఉన్న హెచ్‌పీ 15ఎస్ రకాల్లో చాలావాటి బరువు 1.69 కిలోలు. అల్యూమినియం బాడీ ఉన్న 15 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ 1.51 కిలోలు. తేడా 180 గ్రాములు. అదే మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 13 అంగుళాల ఎం2 మోడల్ 1.24 కిలోలు. అంటే బాడీ మారితే తగ్గింది 180 గ్రాములు, స్క్రీను సైజు తగ్గితే తగ్గింది 270 గ్రాములు. రోజూ మోసే పిల్లలకి లోహం కన్నా సైజే ఎక్కువ మేలు చేస్తుంది. బడికి తీసుకెళ్లాల్సి ఉంటే 13, 14 అంగుళాల దగ్గర ఆగండి. ఇంట్లో బల్ల మీదే ఉండేదైతే 15.6 కళ్లకి హాయి.

గట్టిదనం: మందం చేసే పని

చవక ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వాడేది పాలీకార్బొనేట్, ఏబీఎస్ కలిపిన ప్లాస్టిక్. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములుంటే, పాలీకార్బొనేట్ 1.2 గ్రాములే. చేతిలో పట్టుకుంటే ప్లాస్టిక్‌దే తేలిక అనిపించాలి. అలా ఎందుకు అనిపించదంటే, వంగకుండా ఆగే గుణంలో అల్యూమినియం 70 గిగాపాస్కల్స్ దగ్గర ఉంటే పాలీకార్బొనేట్ 2.3 దగ్గరే ఉంది. సుమారు 30 రెట్లు తేడా.

రేకు ఎంత వంగుతుందన్నది మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం రెట్టింపైతే గట్టిదనం 8 రెట్లు పెరుగుతుంది. ఈ లెక్కన 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకుతో సమానంగా నిలబడాలంటే ప్లాస్టిక్ 3.1 మిల్లీమీటర్లు ఉండాలి. అంత మందం పెడితే ల్యాప్‌టాప్ లావెక్కిపోతుంది. అందుకే 2 మిల్లీమీటర్ల లోపు ఉంచి, లోపలివైపు గీతల్లాంటి ఆసరాలు పోస్తారు.

36 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మూతనే తీసుకోండి. 1 మిల్లీమీటరు అల్యూమినియంతో చేస్తే 243 గ్రాములు. 2 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్‌తో చేస్తే 216 గ్రాములు. బరువులో మిగిలింది 27 గ్రాములు, కానీ లోపలి ఆసరాలు లేకపోతే గట్టిదనం నాలుగో వంతుకి పడిపోయింది. బ్యాగులో భౌతికశాస్త్రం పుస్తకం, లంచ్ బాక్సు కలిసి మూతని నొక్కినప్పుడు ఆ ఒత్తిడి నేరుగా స్క్రీను మీద పడేది ఇందుకే. ఇక్కడ అల్యూమినియానిదే పైచేయి.

ప్లాస్టిక్‌తో గట్టివి చేయలేరని కాదు. పేద దేశాల పిల్లల కోసం 2007లో తయారైన 'పిల్లకొక ల్యాప్‌టాప్' పథకం వారి ఎక్స్‌ఓ యంత్రానికి, మామూలు ల్యాప్‌టాప్‌ల గోడ 1.3 మిల్లీమీటర్లు ఉంటే, 2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోడ పెట్టారు. పై లెక్క ప్రకారం ఆ 0.7 మిల్లీమీటర్లతో గోడ గట్టిదనం మూడున్నర రెట్లు దాటుతుంది. పిల్లల కోసమని ఆలోచించి చేసినవాళ్లు ఎంచుకున్నది మందమైన ప్లాస్టిక్‌నే.

బల్ల మీంచి పడితే

మన ఫ్లాట్లలో నేల అంటే గ్రానైట్, లేదా విట్రిఫైడ్ టైల్స్. 75 సెంటీమీటర్ల బల్ల మీంచి 1.6 కిలోల ల్యాప్‌టాప్ పడితే సుమారు 12 జౌల్స్ శక్తి ఒక్క మూల మీద దిగుతుంది.

పాలీకార్బొనేట్ దాదాపు 6 శాతం సాగేవరకూ తట్టుకుని మళ్లీ చాలావరకు మొదటి రూపానికి వస్తుంది. గట్టి అల్యూమినియం మిశ్రమం 0.4 శాతం దాటితే వంగి అలాగే ఉండిపోతుంది. కాబట్టి ప్లాస్టిక్‌ది పడితే క్లిప్పులు ఊడటం, మూల పగలడం జరుగుతుంది. అల్యూమినియంది పడితే సొట్ట పడుతుంది. సొట్ట చూడటానికి చిన్నదే, కానీ అది మూల దగ్గర పడితే మూత సరిగా మూసుకోదు, ఒక్కోసారి స్క్రీను అంచుని నొక్కుతూనే ఉంటుంది. పగిలిన ప్లాస్టిక్ ప్యానెల్ మార్చడం సులువు, చవక. లోహపు బాడీలో కీబోర్డు ఉన్న భాగమంతా ఒకే ముక్క అయితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అసలు దెబ్బ హింజ్ దగ్గర

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, ల్యాప్‌టాప్ రిపేర్లకు పేరున్న చోటు. రిపేరు చేసేవాళ్లు బాడీని నాలుగు ముక్కలుగా చెబుతారు. మూత వెనకభాగం 'ఏ' ప్యానెల్, స్క్రీను చుట్టూ ఉండేది 'బి', కీబోర్డు ఉన్నది 'సి', అడుగుది 'డి'. 'ఏ', 'బి' ప్యానెళ్లని, మూతని అడుగుభాగంతో కలిపే హింజ్‌తో చేర్చి 'ఏబీహెచ్' అని ఒక సెట్‌గా అమ్ముతారు. అంత విడిగా ఒక సరుకైందంటేనే ఆ మూల ఎంత తరచుగా పాడవుతుందో అర్థం చేసుకోవచ్చు.

విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. హింజ్ ఉక్కుది. దాన్ని పట్టుకునే స్క్రూలు చిన్న ఇత్తడి గుబ్బల్లోకి దిగుతాయి. ఆ గుబ్బల్ని ప్లాస్టిక్ స్తంభాల్లో వేడిచేసి దింపి ఉంటారు. మూత తెరిచిన ప్రతిసారీ ఉక్కు లాగుతుంది, ఇత్తడి కదులుతుంది, ప్లాస్టిక్ భరిస్తుంది. రోజుకి 10 సార్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తెరిచి మూస్తే నాలుగేళ్లకి 12,000 సార్లు. దుమ్ము చేరి హింజ్ బిగుసుకుంటే ఆ బలమంతా ప్లాస్టిక్ స్తంభం మీద పడి ఒకరోజు అది విరుగుతుంది. మూల విచ్చుకుంటుంది, లోపలి వైరు నలుగుతుంది, స్క్రీను మినుకుమినుకుమంటుంది.

ఇక్కడ కొనేవాళ్లు మోసపోయే చోటు ఒకటుంది. 'మెటల్ బాడీ' అని రాసిన చాలా ల్యాప్‌టాప్‌లలో లోహం ఉండేది 'ఏ' ప్యానెల్‌కే. హింజ్ స్క్రూలు దిగే సి, డి ప్యానెళ్లు ప్లాస్టిక్‌వే, పైన వెండి రంగు వేసి ఉంటుంది. అందుకే షాపులో "మెటలేనా?" అని కాదు, "'ఏ' ప్యానెల్ ఒక్కటేనా, 'సి', 'డి' కూడా మెటలేనా?" అని అడగండి. వేలు ఆనిస్తే ఏసీ గదిలో లోహం చల్లగా తగులుతుంది, రంగు వేసిన ప్లాస్టిక్ తగలదు.

తప్పు ఎప్పుడూ ప్లాస్టిక్‌దే కూడా కాదు. 2006లో వచ్చిన తెల్ల పాలీకార్బొనేట్ మ్యాక్‌బుక్‌లో చేతులు ఆనించే అంచు పగలడానికి కారణం, మూత మీది చిన్న బొడిపెలు మూసిన ప్రతిసారీ అదే చోట నొక్కడం. డిజైన్ సరిగా లేకపోతే ఏ పదార్థమైనా ఓడిపోతుంది.

వేడి సంగతి

వేడిని పంపే గుణంలో ల్యాప్‌టాప్‌లకి వాడే అల్యూమినియం మిశ్రమాలు మీటరుకి, డిగ్రీకి 170 వాట్ల దగ్గర ఉంటాయి, ప్లాస్టిక్ 0.2 వాట్ల దగ్గర. 800 రెట్లు తేడా. ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్‌లో ఇది వరం, బాడీ మొత్తం వేడిని బయటికి పంపుతుంది. ఫ్యాన్ ఉన్నదాంట్లో వేడి ఎక్కువగా గాలి రంధ్రాల నుంచే పోతుంది కనుక బాడీ వల్ల వచ్చే తేడా కొద్దిదే.

తాకే చేతికి మాత్రం కథ వేరు. వేడి టీ స్టీలు గ్లాసులో పోస్తే పట్టుకోలేం, ప్లాస్టిక్ కప్పులో పోస్తే పట్టుకుంటాం. అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ఐఈసీ 62368 కూడా దీన్ని లెక్కలోకి తీసుకుంది. 1 నుంచి 10 సెకన్లు తాకే భాగం లోహమైతే 60 డిగ్రీలు, ప్లాస్టిక్ అయితే 77 డిగ్రీల వరకూ ఒప్పుకుంది. నిమిషం పైగా తాకేదైతే దేనికైనా 48 డిగ్రీలే. మే నెలలో ఏసీ లేని గదిలో 40 డిగ్రీలుంటే, చాలా ల్యాప్‌టాప్‌లకి కంపెనీ చెప్పే 35 డిగ్రీల హద్దు అప్పటికే దాటినట్టు. ఆ వేళల్లో బాడీ ఏదైనా ఒకటే జాగ్రత్త: పరుపు మీద, దిండు మీద పెట్టి వాడనివ్వకండి.

మణికట్టు దగ్గర జివ్వుమంటే

అల్యూమినియం ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా చెయ్యి రాసుకుంటే సన్నగా జివ్వుమనడం చాలామందికి అనుభవమే. చార్జర్‌లో విద్యుత్ రొదని తగ్గించడానికి పెట్టే చిన్న కెపాసిటర్ దీనికి మూలం. మన 230 వోల్టుల, 50 హెర్ట్‌జ్ సరఫరాలో 1 నానోఫారడ్ కెపాసిటర్ గుండా 0.07 మిల్లీ ఆంపియర్లు, 2.2 నానోఫారడ్ అయితే 0.16 మిల్లీ ఆంపియర్లు కారతాయి. ఇలాంటి పరికరాలకు ప్రమాణాలు ఒప్పుకునే హద్దు 0.25. మంచి చార్జర్ అయితే ప్రమాదం లేదు. ఎర్త్ ఉంటే ఆ కాస్తా భూమిలోకి పోతుంది, లేకపోతే లోహపు బాడీ మీద మన చేతిని వెతుక్కుంటుంది. ప్లాస్టిక్ బాడీలో ఈ సమస్య దాదాపు తెలియదు.

కొత్తగూడ, కొండాపూర్ సందుల్లోని పాత ఇళ్లలో, హాస్టల్ గదుల్లో మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పైన ఉండే పెద్ద రంధ్రానికి వైరు లాగారో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. అల్యూమినియంది కొంటే మూడు పిన్నుల చార్జర్ వాడండి, రోడ్డు పక్క దొరికే నకిలీ చార్జర్ ఇంట్లోకి రానివ్వకండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఉదాహరణకి ప్లాస్టిక్‌ది 45,000 రూపాయలు, నాలుగేళ్లు వస్తుందనుకుందాం. ఏడాదికి 11,250. పూర్తి అల్యూమినియంది 65,000 అయితే, అదే ఖర్చుకి రావాలంటే 5 సంవత్సరాల 9 నెలలు నడవాలి. ఇప్పుడు 9వ తరగతిలో ఉన్న పిల్లవాడు అప్పటికి బీటెక్ రెండో ఏడాది చివర్లో ఉంటాడు. అప్పటి అవసరాలు వేరు.

బాడీ బాగున్నా లోపలిది పాతబడుతుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. ఇంటెల్ 8వ తరానికి ముందరి ప్రాసెసర్లలో దాదాపు అన్నిటినీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. కంపెనీలు వాడి అమ్మేసిన గట్టి బాడీ ల్యాప్‌టాప్‌లు సీటీసీలో రీఫర్బిష్డ్ పేరుతో దొరుకుతాయి. మంచి దారే, కానీ ప్రాసెసర్ తరం చూడకుండా బాడీ చూసి కొనకండి.

సీబీఎస్ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో నేర్పేది పైథాన్. దానికి 8 జీబీ ర్యామ్ చాలు. కొన్నేళ్లు వాడాలంటే 16 జీబీ, లేదా తర్వాత పెంచుకునే వీలు ఉండాలి. మామూలు వారంటీలో కింద పడటం, నీళ్లు పడటం కలవవు. వాటికి విడిగా డ్యామేజ్ ప్రొటెక్షన్ తీసుకోవాలి. వెండి మెరుపుకి ఇచ్చే డబ్బు దానికి ఇస్తే పిల్లలకి ఎక్కువ పనికొస్తుంది.

షాపులో ఐదు నిమిషాలు

కీబోర్డు మధ్యలో బొటనవేలితో నొక్కండి, గుంట పడకూడదు. మూత మధ్యలో పట్టుకుని తెరవండి, రెండు మూలలూ సమంగా కదలాలి, చప్పుడు రాకూడదు. ముందు మూల పట్టి ఎత్తండి, కిరకిరమనకూడదు. బరువు చార్జర్‌తో కలిపి అడగండి. ఏబీహెచ్ సెట్ ధర ఎంతో సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. ఈ పరీక్షల్లో నెగ్గిన ప్లాస్టిక్‌ది, ఓడిన అల్యూమినియం కన్నా మేలు.

నా సలహా సూటిగా ఇది. 10వ తరగతి లోపు పిల్లలకి, ఇంట్లోనే ఎక్కువ వాడేవాళ్లకి గట్టి హింజ్ ఉన్న ప్లాస్టిక్ ల్యాప్‌టాప్, దానికి తోడు డ్యామేజ్ ప్రొటెక్షన్ తీసుకోండి. ఇంటర్ నుంచి రోజూ మోసుకెళ్లి, డిగ్రీ దాకా అదే వాడాలనుకునేవాళ్లు సి, డి ప్యానెళ్లు కూడా లోహంతో ఉన్న 13, 14 అంగుళాలది తీసుకోవచ్చు, ఎర్త్ ఉన్న ప్లగ్గు దగ్గరే చార్జింగ్ పెట్టాలి. ఇక పిల్లల్ని ల్యాప్‌టాప్ తెమ్మనే బడుల బాధ్యత కూడా ఉంది. తరగతి గదిలో లాకరు, ఎర్త్ ఉన్న ప్లగ్గు ఇస్తే చార్జర్, సగం పుస్తకాలు అక్కడే ఉంటాయి, పిల్లల వీపు మీద కిలోకి పైగా తగ్గుతుంది. ఏ బాడీ కొన్నా అంత బరువు తగ్గదు. కాబట్టి ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ఆ రెండూ గట్టిగా అడగండి.